వేలు మందం రబ్బరు

ఏ ఇంట్లోనైనా ఆడదాని చేతిలోంచి వస్తువు జారిందంటే తిట్లు తప్పవు. పెట్టెలత్తకు మాత్రం అదే ఉద్యోగం. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళేది, సాయంత్రం అయిదింటి దాకా వస్తువులు కింద పడేసేది, చేతులు కడుక్కుని ఇంటికొచ్చేది. "చిన్నప్పుడు ఒక్క గాజు గ్లాసు పగలగొట్టినందుకు మా అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. ఇప్పుడు పగలగొడితే మా సారు భేషంటున్నాడు. ఎవరి కాలం ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు" అని మెట్ల మీద కూర్చుని చెప్పుకునేది. చెప్పిందే చెప్పినా వినేవాళ్ళుండేవాళ్ళు, ఎందుకంటే ఆవిడ చెప్పే తీరు అలాంటిది.

ఇంతకీ ఆ పనేమిటంటే, దుకాణానికి వెళ్ళి మనం చేత్తో తెచ్చుకునే ఉప్పు పొట్లం ఒక దారిన వస్తుంది. ఇంటికి పంపించమంటే వచ్చేది ఇంకో దారిన వస్తుంది. గోదాములో ఒకడు విసురుతాడు. లారీలో పది పెట్టెల కింద నలుగుతుంది. స్కూటరు మీద గుంత గుంతకీ ఎగురుతుంది. చివరికి గుమ్మం ముందు దబ్బున పడుతుంది. ఇన్ని చేతులు మారాక కూడా లోపలి సరుకు సరుకుగానే ఉంటుందా, పిండీ నూనే కలిసి ముద్దవుతుందా అని ముందే చూసే చోటు ఒకటుంది. రేకుల కప్పు వేసిన పొడుగాటి షెడ్డు. ఒక కొసన వేడి గది, ఒక కొసన తడి గది. గోడ పక్కన ఊపుడు బల్ల. దాని మీద పెట్టె పెట్టి మీట నొక్కితే గంటసేపు గజగజ వణికిస్తుంది. నడిమధ్యన పడేసే చోటు. అది పెట్టెలత్తది.

అక్కడికి ఆవిడ పడేయడానికి రాలేదు, ఊడవడానికి వచ్చింది. కారిన నూనె తుడవడం, గాజు పెంకులు ఏరడం ఆవిడ పని. అప్పట్లో పెట్టెల్ని వదలడానికి అడుగున రెండు తలుపు పలకలు ఒక్కసారే తెరుచుకునే యంత్రమొకటి ఉండేది. అది మొరాయిస్తే ఇద్దరు మగాళ్ళు చేత్తో పడేసేవాళ్ళు. చీపురు పట్టుకుని నిలబడి నాలుగు రోజులు చూసింది. అయిదో రోజు నోరు ఊరుకోలేదు. "అయ్యా, మీరు విసురుతున్నారు. విసరడం వేరు, వదలడం వేరు. కోపం మీకు పెట్టె మీదా, పెళ్ళాల మీదా?" అంది. వాళ్ళు నవ్వారు. కళ్ళజోడు సారు నవ్వలేదు. షెడ్డుకు పెద్ద ఆయనే. "అయితే నువ్వు వదిలి చూపించు" అన్నాడు.

చీపురు గోడకానించి చూపించింది. పెట్టెను రెండు అరచేతుల మధ్య పట్టుకోవాలి. గోడ మీద నడుం ఎత్తున గీసిన ఎర్రగీతకు సమంగా ఎత్తాలి. రెండు చేతులూ ఒక్కసారే తప్పించాలి. ఒకటి ముందూ ఒకటి వెనకా తప్పిస్తే పెట్టె గాల్లో తిరగబడి, పడాల్సిన చోట పడదు. ముందు ఒక మూల మీద, తర్వాత ఆ మూలకు కలిసే మూడు అంచుల మీద, ఆ తర్వాత ఆరు ముఖాల మీద. మొత్తం పదిసార్లు. కింద నేలలోకి బిగించిన ఇనప పలక. ఆ పలక మీదే పడాలి, ఇంకెక్కడా పడకూడదు.

అలా పట్టిన పని పంతొమ్మిదేళ్ళు చేసింది. మూడో తరగతి చదువుకు అంతకంటే పెద్ద కుర్చీ ఎవరిస్తారు? సారు ఆవిడకు రెండు రబ్బరు ముద్రలిచ్చాడు. ఒకటి 'నిలిచింది', రెండోది 'నిలవలేదు'. ముద్ర కొట్టి, కింద వంకర అక్షరాల్లో సంతకం చేసేది. ఆ సంతకం నేర్చుకోవడానికి రెండు పలకలు అరగదీసింది. పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు కార్లలో వచ్చి, ఆవిడ ఏ ముద్ర ఎత్తుతుందా అని గుడ్లప్పగించి చూసేవాళ్ళు. ఆ చూపులకు ఆవిడకు కడుపు నిండేది.

చెవి ఇంకా గొప్పది. పెట్టె పలక మీద పడ్డ చప్పుడు విని, విప్పకుండానే లోపల ఏమైందో చెప్పేది. ఉప్పు సంచి కుట్టు విడితే సుయ్యిమంటుంది. బిస్కెట్లయితే ఎండుటాకు తొక్కినట్టుంటుంది. సీసాకు బీట పడితే మాత్రం చప్పుడు తక్కువ, లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఉంటుంది. "విప్పండి, నూనె సీసా మెడ దగ్గర పోయింది" అనేది. విప్పితే మెడ దగ్గరే.

ఇంట్లో ఉండేది ముగ్గురే. కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. అమ్మ మాటకూ పెళ్ళాం మాటకూ మధ్య గోడ మీద పిల్లిలా కూర్చునే రకం. కోడలు సరుకులు మోస్తుంది. స్కూటరు వెనక చదరపు సంచీ కట్టుకుని, డిపోలో పెట్టెలెత్తుకుని, ఇల్లిల్లూ తిరిగి ఇస్తుంది. అంటే అత్త పడేసి చూసిన పెట్టెల్నే కోడలు మోసుకెళ్ళేదన్నమాట. "పైనుంచి కింద దాకా మా ఇంటి చేతులే" అని అత్త గొప్ప. కోడలిది మెత్తటి నోరు. అత్త పదంటే అది ఒకటి అనేది, ఆ ఒకటి కూడా వంటగదిలోకి వెళ్ళాక అనేది.

మడమల నొప్పి ఆ పంతొమ్మిదో ఏడు మొదట్లో వచ్చింది. పొద్దున మంచం దిగి కాలు మోపితే మేకు దిగినట్టుండేది. ఎనిమిది గంటలు ఉత్త సిమెంటు మీద నిలబడాలి మరి. ఎవరికీ చెప్పలేదు. చెబితే కూర్చోబెడతారు. లేబుళ్ళు అతికించే బల్ల దగ్గర ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. అక్కడ కూర్చున్నవాళ్ళ సంతకం ఎవరికి కావాలి?

కోడలు మాత్రం కనిపెట్టింది. అత్త గోడ పట్టుకుని నడవడం చూసి, ఒక సాయంత్రం ఒక రబ్బరు చాప తెచ్చి ముందు పరిచింది. తన పాత సంచీ అడుగున వేసే చాప, బూడిద రంగుది, వేలు మందం.

"ఇది కాళ్ళ కింద వేసుకోండి అత్తయ్యా. నేల తగలదు."

"నాకేమైందే? నీ కళ్ళకు నేను ముసలిదాన్లా కనిపిస్తున్నానా?"

"కాదు అత్తయ్యా. ఊరికే పడుందని తెచ్చాను."

"ఊరికే పడున్నవన్నీ నా నెత్తినే వెయ్యి" అంది. మర్నాడు చంకలో పెట్టుకుని తీసుకెళ్ళింది.

మొదట చాపను సగానికి మడిచి పాదాల కింద మటుకే వేసుకుంది. ప్రాణం లేచొచ్చింది. కానీ పెట్టె వదలాలంటే పలక మీదికి వంగాలి. వంగితే బరువు మునివేళ్ళ మీదికి పోతుంది. మడత మీద మునివేళ్ళు జారుతున్నాయి. రెండు వారాలు పోయాక మడత విప్పి బారుగా పరిచింది. విప్పిన సగం వెళ్ళి ఇనప పలకను కప్పేసింది. ఇదీ బూడిద రంగే, అదీ బూడిద రంగే. చూసేవాళ్ళకు తేడా తెలియదు. ఆవిడకు తెలిసింది. తెలియలేదంటే అబద్ధం. ఒక్క క్షణం ఆగి చూసింది. "వేలు మందమే కదా, దానికేమవుతుందిలే" అనుకుంది. కొంపలు ముంచే మాటలన్నీ చివర 'లే' పెట్టుకునే వస్తాయి.

చప్పుడు కూడా మారింది. ఠప్‌మనేది దబ్‌మనడం మొదలుపెట్టింది. పంతొమ్మిదేళ్ళ చెవి అది. వారం రోజులు ఇబ్బంది పడి, తర్వాత అలవాటు పడిపోయింది.

ఆ రోజుల్లోనే తేనె కంపెనీవాళ్ళు కొత్త పెట్టె తెచ్చారు. ఇదివరకు రెండు పొరల అట్ట ఉండేది, ఇప్పుడు ఒకటే పొర. గాజు సీసా చుట్టూ ముడతల కాగితం ఒక చుట్టు, అంతే. చూడగానే ఆవిడ మూతి తిప్పింది. "ఇదేం పెట్టె? తడిగుడ్డ చుట్టినా ఇంతకంటే గట్టిగా ఉంటుంది" అని, పదిసార్లు వదిలింది. దబ్, దబ్, దబ్. విప్పితే సీసా చెక్కుచెదరలేదు. అయిదు పెట్టెలు చూసింది. అయిదూ అంతే.

కళ్ళజోడు సారు కూడా ఆశ్చర్యపోయాడు. "పొర తగ్గించినా నిలిచిందా అత్తా?"

"నా కళ్ళముందే నిలిచింది సారూ. నాకూ నమ్మబుద్ధి కాలేదు. కానీ నా చేతిలోంచి పడ్డది అబద్ధం చెప్పదు."

ముద్ర కొట్టింది. సంతకం పెట్టింది.

నెల తిరిగేసరికి కోడలి సంచీలోంచి తేనె కారడం మొదలైంది. గుమ్మం ముందు పెట్టె ఇవ్వబోతే అడుగు తడిగా ఉండేది. ఇంటివాళ్ళు ఫొటో తీసి పంపేవాళ్ళు. డిపోలో అడిగితే ఒకటే జవాబు: "పెట్టె పరీక్షకు నిలిచింది, ఇదిగో కాగితం. పగిలిందంటే మోసిన చేతి తప్పే." ఫోనులో మోసిన మనిషి పేరు పక్కన ఎర్రచుక్క పడుతుంది. మూడు చుక్కలైతే సంచీ అప్పగించి ఇంటికి పోవాలి. కోడలికి ఒకటి పడింది. పన్నెండు రోజులకు రెండోది పడింది.

అత్త ఊరుకుంటుందా? వాళ్ళుండేది నాలుగంతస్తుల పాత మేడ. సాయంత్రమైతే మెట్ల మీదే అందరి కచేరీ. కింది అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ ఉంది, ఆవిడను అంతా దర్జీ వదిన అంటారు. ఆవిడ కాజాలు కుడుతూ కూర్చునేది. అందరూ వింటుండగా అత్త మొదలుపెట్టేది.

"చూడు వదినా, నేను రోజుకు రెండొందలసార్లు కావాలని పడేస్తాను. పగలవు. ఈవిడ గారు ఒక్కసారి జాగ్రత్తగా మోస్తుంది. పగులుతాయి! చేతులా అవి, చిల్లుల గరిటెలా?"

"పోనీలే వదినా, రోడ్లలా ఉన్నాయి మరి" అనేది దర్జీ వదిన దారం కొరుకుతూ.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రోడ్డేం చేసింది? నా ఊపుడు బల్ల కంటే ఎక్కువ ఊపుతుందా రోడ్డు? ఆ సీసాకు ముద్ర కొట్టింది నేను. నేను! నిలకడ ఉండాలి మనిషికి. పరధ్యానం మనిషికి పసిబిడ్డనిచ్చినా అంతే, పాలసీసా ఇచ్చినా అంతే."

కోడలు తలొంచుకుని సంచీ భుజం మార్చుకుని పైకి పోయేది. ఆ మాటలు పడ్డ దగ్గర్నుంచి స్కూటరు మెల్లగా నడపడం మొదలుపెట్టింది. ఇంట్లో పాత దుప్పటి రెండుగా చింపి సంచీలో పరుచుకుంది. మెట్లెక్కేటప్పుడు పెట్టెను రెండు చేతులా గుండెకు హత్తుకుని ఎక్కేది. ఒక్కో ఇంటికి ఆలస్యమవుతుంటే మధ్యాహ్నం తిండి మానేసి ఆ వేళలో తిరిగేది. ఇవన్నీ అత్త చూసింది. చూసి, "తప్పు చేసినవాళ్ళకే భయం" అనుకుంది.

గురువారం సాయంత్రం దర్జీ వదినకే ఒక తేనె సీసా వచ్చింది. తెచ్చింది కోడలే. అప్పటికే అయిదారుగురు మెట్ల మీదున్నారు. కోడలు పెట్టెను చంటిపిల్లలా పొదువుకుని, అడుగు తడిమి చూసుకుంటూ వచ్చింది. దర్జీ వదిన నవ్వింది. "ఏమ్మా, సీసా తెచ్చావా, బారసాలకు బిడ్డను తెచ్చావా?"

అందరూ నవ్వారు. అత్తకు ఆ నవ్వు తన ముద్రకు తగిలినట్టనిపించింది. తన సంతకమున్న పెట్టెను ఇంత భయంగా మోయడమేమిటి? దిగ్గున లేచింది.

"ఇలా తే. దీనికి ఇన్ని సేవలు అక్కర్లేదని చూపిస్తా."

"అత్తయ్యా, వద్దు. ఇంకా ఆవిడ చేతికి ఇవ్వలేదు—"

"తెమ్మన్నానా!"

లాక్కుంది. మెట్ల మలుపులో రాతి పలక మీద నిలబడింది. నడుం ఎత్తు ఆవిడకు గీత లేకపోయినా తెలుసు. రెండు చేతులూ ఒక్కసారే తప్పించింది, ఎప్పట్లాగే, తప్పు పట్టడానికి లేకుండా.

ఠప్‌మంది.

ఆ ఠప్ విని మూడు నెలలైంది. దాని వెనకాలే లోపలెవరో గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు. విప్పక్కర్లేదు, ఆవిడకు తెలిసిపోయింది. పెట్టె మూల నల్లబడి, తేనె తీరిగ్గా బయటికొచ్చి, రాతి బీటలోకి దారి చేసుకుంది. ఆవిడ కళ్ళముందు షెడ్డు లేదు, సారు లేడు. బూడిదరంగు చాప ఒక్కటే ఉంది.

అప్పుడైనా నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కానీ జీవితమంతా మనిషి కంటే ముందు నడిచిన నోరది.

"ముందే పగిలి ఉంది. ఇది దారిలోనే పగలగొట్టుకొచ్చింది" అంది.

కోడలు అత్త ముఖంలోకి ఒక్కసారి చూసింది. కోపమైతే అత్త కోపంతోనే జవాబిచ్చేది. అందులో కోపం లేదు. ఎవరైనా బట్టలు మార్చుకుంటున్నప్పుడు పొరపాటున తలుపు తీసినవాళ్ళు చూసినట్టు చూసి, చప్పున కళ్ళు తిప్పుకుంది.

దర్జీ వదిన దారం తెంపింది. "అవును మరి. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ఊరికే అన్నారా పెద్దలు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంటివాళ్ళ చేతికి ఇవ్వకముందే పెట్టె పగిలితే ఫోనులో కారణం రాయాలి. కోడలు మెట్టు మీద కూర్చుని రాసింది. దర్జీ వదిన భుజం మీదుగా చూసి, పైకి చదివింది: "'నా చేతిలోంచి జారింది.' ఏమిటమ్మా ఇది?" కోడలు తడిగుడ్డ తెచ్చి రాయి తుడిచింది. మూడో చుక్క పడింది. సోమవారం పదింటికి డిపోకి వచ్చి, ఏమన్నా చెప్పుకునేదుంటే చెప్పుకుని, సంచీ అప్పగించమని కబురొచ్చింది.

మర్నాడు పెట్టెలత్త అందరికంటే ముందు షెడ్డుకెళ్ళింది. చాప ఎత్తేసింది. కింద ఇనప పలక చల్లగా మెరుస్తోంది. తేనె కంపెనీ పెట్టెలు అరలో ఇంకా అయిదున్నాయి. ఒక్కొక్కటే తెచ్చి వదిలింది. మొదటిది మూల మీదే పోయింది. రెండోది మూడో అంచుకు పోయింది. అయిదింట్లో నాలుగు పోయాయి. అయిదోది ఎందుకు నిలిచిందో దానికే తెలియాలి. పెంకులు ఏరింది, తుడిచింది, పంతొమ్మిదేళ్ళ కిందట చేసినట్టే. సారు వచ్చేసరికి తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"ఏమత్తా, పెందలాడే వచ్చావు?"

"ఏం లేదు సారూ, ఊరికే."

అదీ ఆవిడ చేసిన పని. చెప్పలేదు. శుక్రవారం చెప్పలేదు. చాప చుట్టి చీపుళ్ళ బీరువా వెనక దాచింది. ఉత్త నేల మీద నిలబడి, మడమల్లో మేకులు దిగుతుంటే "దిగనీ" అనుకుంది. కాళ్ళకు శిక్ష వేసుకుంటే నోటికి తప్పుతుందేమోనని చూసింది. శనివారం కూడా చెప్పలేదు. చెబితే ఈ మూడు నెలల ముద్రలన్నీ చెల్లకుండా పోతాయి. పంతొమ్మిదేళ్ళ పేరు పోయి, 'చాప మీద పడేసినావిడ' అవుతుంది. లేబుళ్ళ బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఆవిడ వంకే చూస్తున్నట్టుంది. ఇంటికొస్తే కోడలు ఎప్పట్లాగే అన్నం వడ్డించింది, మజ్జిగ ముందుకు జరిపింది. ఒక్క మాట నిష్ఠూరంగా అన్నా అత్త బతికిపోయేది. తిట్టినవాళ్ళతో ఎలా వేగాలో ఆవిడకు తెలుసు. మజ్జిగ జరిపినవాళ్ళతో ఎలా వేగాలో ఎవరూ నేర్పలేదు.

ఆదివారం పొద్దున స్నానాల గదిలో చప్పుడైతే తొంగిచూసింది. కోడలు ఆ పెద్ద సంచీని బోర్లించి, వేడినీళ్ళతో రుద్దుతోంది. కుట్ల సందుల్లో ఎండిపోయిన తేనెను గోరుతో గీకుతోంది.

"ఎందుకే ఇప్పుడది?"

"రేపు ఇచ్చేయాలి కదా అత్తయ్యా. వెనకొచ్చే మనిషికి శుభ్రంగా ఇవ్వొద్దూ?"

అత్త గోడ పట్టుకుంది. ఈసారి మడమల కోసం కాదు.

సోమవారం ఎనిమిదిన్నరకే సారు గది ముందు కూర్చుంది. ఆయన తాళం తీయకముందే చెప్పేసింది. చాప, మడత విప్పడం, తేనె పెట్టె, మొన్న పొద్దున పగిలిన నాలుగు సీసాలు. సారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"ఇనప పలక మీద చాప వేశావా? నువ్వు?"

"నేనే సారూ."

"కాలు నొప్పని ఒక్క మాటంటే నేను ఏదో ఒకటి చూసేవాణ్ణి కదా."

"కూర్చోబెడతారని చెప్పలేదు."

ఆయన లేచి గదంతా రెండుసార్లు తిరిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. చాప తీసేశావుగా. మూడు నెలల పెట్టెలు మళ్ళీ చూద్దాం. తేనెవాళ్ళకు నేను ఏదో చెప్పి పొర పెంచమంటాను. నీ పేరు బయటికి రాదులే."

ఆ చివర్న 'లే' విని ఆవిడ తలెత్తింది.

"నా పేరు రాదు సరే. నా కోడలి పేరు ఇంకో గంటన్నరలో పోతుంది సారూ. దానికేం చెబుతారు?"

ఆయన తెల్లకాగితం, పెన్నూ ఇచ్చాడు. ఆవిడే రాసింది. సంతకం తప్ప ఇంకేదీ రాసి ఎరగని చెయ్యి. ఒక్కో అక్షరం ఒక్కో బరువు. "తేనె పెట్టె ఇనుము మీద పడలేదు. నా కాళ్ళ కింద రబ్బరు మీద పడింది. నిలవలేదు. మోసినవాళ్ళ తప్పు లేదు. తప్పు నాది." కింద సంతకం చేసి, 'నిలవలేదు' ముద్ర గట్టిగా నొక్కింది. సారు కూడా తన సంతకం పక్కన పెట్టాడు.

డిపోకి వెళ్ళేసరికి పదీ అయిదు. కోడలు వరసలో నిలబడి ఉంది, కడిగిన సంచీ మడిచి చంకలో పెట్టుకుని. అత్తను చూసి కంగారుపడింది. "ఆయనకేమన్నా అయిందా అత్తయ్యా?"

"నీ మొగుడికేం, బండలా ఉన్నాడు" అని, కిటికీ దగ్గరికి వెళ్ళి కాగితం తోసింది. అక్కడ గోడ మీద తేనె పెట్టె పరీక్ష కాగితం నకలు అంటించి ఉంది. వంకర అక్షరాల సంతకం, అరచెయ్యంత ముద్ర. దారిన పోయేవాళ్ళకు కూడా కనిపిస్తుంది.

కిటికీలో ఉన్నాయన చదివి, "మీరెవరమ్మా?" అన్నాడు.

"ఆ గోడ మీదున్న సంతకం నాది. ఈ కాగితం మీదున్నదీ నాదే. అది అబద్ధం, ఇది నిజం."

ఆయన అర్థం కాక మళ్ళీ చదివాడు, ఈసారి పైకి. వరసలో పదిహేనుమంది ఉన్నారు. అందరూ మోసేవాళ్ళే. 'నా కాళ్ళ కింద రబ్బరు' దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక నుంచి ఒకావిడ ముందుకొచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మోచేతి దాకా ఎండకు నల్లబడ్డ చేతులు.

"అయితే నా రెండు చుక్కలూ నీ పుణ్యమేనా పెద్దమ్మా? ఇంట్లో మా ఆయన నన్ను తాగొచ్చావా అనడిగాడు."

పెట్టెలత్త ఆ చేతుల వంక చూసింది. కోడలి సంగతే అనుకుంది ఇన్నాళ్ళూ. ఎన్ని ఇళ్ళలో, ఎన్ని మెట్ల మీద, ఎంతమంది చేతుల్ని చిల్లుల గరిటెలన్నారో లెక్క ఎవరికి తెలుసు? చేతులు జోడించబోయింది. ఆ నల్లబడ్డ చేతుల ఆవిడ, "అదంతా వద్దు. చుక్కలు తీయించు చాలు" అని వరసలోకి వెళ్ళిపోయింది.

తీశారు. ఆ రోజు కాదు, నాలుగు రోజులకు. కోడలి సంచీ కోడలి దగ్గరే ఉంది.

ఆ రోజు బయటికొచ్చాక ఇద్దరూ స్కూటరు దగ్గర నిలబడ్డారు. అత్త నేల చూపులు చూస్తూ అడిగింది: "ఆ గోడ మీద కాగితం... రోజూ చూసేదానివా?"

"చూసేదాన్ని."

"నా సంతకమని తెలుసా?"

"మీరు రెండు పలకలు అరగదీసి నేర్చుకున్న సంతకం కాదూ, ఎందుకు తెలియదు? మా ఆయన పెళ్ళికి ముందే చూపించాడు గొప్పగా."

"మరి ఇంట్లో ఒక్కసారైనా అనలేదేమే?"

"అంటే మీరు ముద్ర మీద ఒట్టేసేవాళ్ళు. ఒట్టేశాక మనిషి వెనక్కి రావడం కష్టం అత్తయ్యా" అని, స్కూటరు తీసింది. "ఎక్కండి. కాలు నొప్పి కదా."

ఎక్కింది. దారిలో గుంతలొచ్చినప్పుడల్లా కోడలు మెల్లగా దాటించింది. ఊపుడు బల్ల కంటే రోడ్డే ఎక్కువ ఊపుతుందని అప్పుడు తెలిసింది.

సాయంత్రం మెట్ల మీద, ఏ మలుపులో ఆ మాటలన్నదో ఆ మలుపులోనే నిలబడి చెప్పింది. ఒక్క మాట దాచలేదు. దర్జీ వదిన కాజా ముగించి, సూది బట్టకు గుచ్చింది. "నాకు ఆ రోజే తెలుసు వదినా. నీకెప్పుడు తెలుస్తుందా అని చూస్తున్నా" అంది.

ఇప్పుడు పెట్టెలత్త లేబుళ్ళ బల్ల దగ్గర కూర్చుంటుంది. పడేసే చోటుకు కొత్త యంత్రం తెచ్చారు. ముద్రలు రెండూ సారు సొరుగులో ఉన్నాయి. కాళ్ళకు సుఖంగా ఉంది. ఠప్, ఠప్‌మని అవతల చప్పుడవుతుంటే లోపలేమైందో ఆవిడకు ఇప్పటికీ తెలుస్తుంది. చెప్పదు. ఎవరూ అడగరు కూడా.

ఇంట్లో కోడలు మారలేదు. అదే అన్నం, అదే మజ్జిగ, అదే అత్తయ్యా. ఒక్కటే తేడా. వారానికోసారి ఇంటి సరుకుల పెట్టె తెచ్చినప్పుడు గుమ్మంలో అత్త చేతికి అందిస్తుంది. అత్త రెండు చేతులూ చాపుతుంది. కోడలు రెండు చేతులూ ఒక్కసారే తప్పించదు. ముందు ఒకటి తీస్తుంది. అత్త పట్టు కుదిరిందో లేదో చూస్తుంది. ఒక గుక్క ఆగుతుంది. ఆ తర్వాత రెండోది తీస్తుంది. ఆ పిల్లకు తను అలా చేస్తున్నట్టు తెలుసో తెలియదో.

వదలడమంటే ఏమిటో పంతొమ్మిదేళ్ళు నేర్చినావిడకు మాత్రం ఆ గుక్క అపనమ్మకమని తెలుసు. పెట్టె పట్టుకుని, తలొంచుకుని లోపలికి పోతుంది.